విప్పి చూడని కట్టు

మా ఆవిడ పోయింది రెండు నెలల కిందట, ఒక ఆదివారం. పొద్దున చర్చికి వెళ్లి వచ్చింది. చీర మార్చుకుని పెరట్లోని జీడిమామిడి చెట్టుకు మూడో అంటు కట్టింది. స్టూలు నేను పట్టుకున్నాను. మధ్యాహ్నం గుండెలో బరువుగా ఉందని పడుకుంది. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. చేతులు సర్దుతున్నప్పుడు చూశాను, గోళ్లలో ఇంకా కొబ్బరి పీచు ఉంది.

తాడేపల్లిగూడెంలో ఆ అద్దె ఇంట్లో ఇరవై రెండేళ్లున్నాం. మెట్టలోని పుట్టింటి నుంచి పిక్క తెచ్చి ఆ చెట్టు పెంచింది తనే. ఇవాళ తనను తలుచుకోవడానికి వచ్చిన మీలో, ఆవిడ కాల్చిన జీడిపిక్కలు తిన్నవారు చాలామందే ఉంటారు. ఒక వేసవిలో పిక్కలు కాలుస్తుంటే జీడి రసం చిట్లి మణికట్టు చుట్టూ నల్లటి మచ్చ పడింది. ఎవరైనా అడిగితే, "మాస్టారు చేయించిన గాజండి" అనేది.

పెంటపాడులో ఇల్లు కట్టుకున్నాం, మారతామని చెప్పాం. చెట్టు కొట్టించి కొట్టు గది వేస్తానన్నారు ఇంటి యజమాని. ఆవిడ వాదించలేదు.

"అలాగే కానివ్వండి బాబుగారూ. కొమ్మకి వేళ్లొచ్చేదాకా ఆగండి, చాలు."

"కొమ్మకి వేళ్లేంటమ్మా?"

"మీకు మీసం ఎలా వచ్చిందండీ? అలాగే వస్తాయి."

ఆయన నవ్వి, ఆగుతానన్నారు.

కొమ్మ బెరడు ఉంగరంలా వలిచి, తడిపీచు చుట్టి, పాలిథిన్ కాగితంతో బిగించి కట్టాలి. రెండు నెలలు ముట్టుకోకూడదు. నిరుడు ఒకటి కడితే, మూడో వారంలోనే నేను విప్పి చూశాను. వేళ్లు లేవు. మళ్లీ కట్టాను గానీ కొమ్మ ఎండిపోయింది. ఆవిడ కోప్పడలేదు.

"వేరుకి సిగ్గండి. చూస్తుంటే రాదు," అంది. ఆ ఎండు కొమ్మ విరుస్తూ, "బళ్లో పిల్లల్నీ ఇలాగే విప్పి చూస్తారా ఏంటి?" అంది.

ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను.

ఈసారి కట్టిన మూడింటిలో మొదటి రెండూ ఎండిపోయాయి. మిగిలింది ఆ ఆదివారం కట్టినది. రోజూ పొద్దున దాని దాకా వెళ్లాను. ఒకటి రెండుసార్లు ముడి మీద చెయ్యి వేశాను కూడా. విప్పలేదు.

నిన్న కాగితం లోపల తెల్లటి దారాల్లా వేళ్లు కనిపించాయి.

పెంటపాడు పల్లపు నేల, నీరు నిలుస్తుందని పెరట్లో ఎర్రమట్టి దిబ్బ ముందే వేయించింది. అంటును అక్కడ నాటేదాకా పెట్టడానికి కుండీ కూడా తనే తెచ్చి ఉంచింది.

రేపు పొద్దున్నే, ఎండ ముదరకముందు, కట్టుకు కిందగా కొమ్మను రంపంతో కోస్తాను. ముడి అప్పుడు విప్పుతాను.