మైదాకు చాటు గోళ్లు

పలమనేరులో నాది డ్రిప్పు పైపుల దుకాణం. నీరు ఎక్కడ కారిపోతోందో పైపును తడిమి చెప్పగలనని నాకు పేరు. ఆ పేరు మా ఇంటి గడప దాటి లోపలికి మాత్రం రాలేదు.

మా పాప గోళ్లు నీలంగా మారడం రెండేళ్ల కిందటే చూశాం. మెట్లెక్కితే ఆయాసపడేది. మా ఊరి చలికేలే అనుకున్నాం. పెళ్లిళ్లలో చుట్టాలు పాప చేతులు పట్టుకుని ఇదేమిటని గుచ్చిగుచ్చి అడగడం మొదలుపెట్టాక, మా అమ్మ మైదాకు రుబ్బి ఇరవై గోళ్లకూ పెట్టసాగింది. ఆకు కోసుకొచ్చేది నేనే. గోరంత సంగతిని కొండంత శ్రద్ధగా దాచాం.

పాప బడిలో కళ్లు తిరిగి పడిపోయాక తిరుపతికి తీసుకొచ్చాం. ఊపిరితిత్తుల్లో కొన్ని రక్తనాళాలు పుట్టుకతోనే సరిగా లేవట, నెత్తురు గాలి తగలకుండానే అడ్డదారిన పోతోందట. తొడ దగ్గరి నరంలోంచి సన్నని గొట్టం పంపి, ఆ దారుల్లో చిన్న బిరడాలు బిగిస్తామన్నాడు డాక్టరు. గొట్టాలూ బిరడాలూ నా విద్యే. అయినా ఒప్పుదల కాగితాన్ని రెండుసార్లు చదివాకే సంతకం పెట్టాను.

బిరడాలు బిగించే రోజు ఉదయం నర్సు పాప చేతులు చూసి ఆగిపోయింది. ఆస్పత్రిలో నలుగురూ చూస్తారని మా అమ్మ ముందురోజే మైదాకు రెండింతలు పట్టించింది. గోళ్లు నల్లగా పండాయి.

"ఇదేందప్పా? మత్తిచ్చినాక గోళ్లు నీలమైతే మాకెట్ల తెలిసేది?"

దూదితో ఎంత తుడిచినా పోలేదు. చివరికి నెత్తురులో ఆక్సిజన్ చూసే యంత్రాన్ని వేలికి బదులు చెవితమ్మెకు తగిలించింది. గోళ్లు ఎన్నాళ్లుగా ఇలా ఉన్నాయని డాక్టరు అడిగాడు. రెండేళ్లన్నాను. ఆయన అది కాగితంలో రాసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పాపను లోపలికి తీసుకెళ్లాక, బెంచీ మీద మా అమ్మ తప్పంతా తనదేనని ఏడ్చింది. ఆకు తెచ్చింది నేనే కదా అన్నాను. ఓదార్పు కోసం అన్న మాట కాదు అది.

మధ్యాహ్నం డాక్టరు బయటికొచ్చాడు. అడ్డదారుల్లో పెద్దవి రెండింటిని మూసేశామన్నాడు. చిన్నవి ఇంకా ఉన్నాయి, గొట్టం వాటిలోకి పోవడం లేదు. అవి పెరుగుతాయేమో చూస్తూ ఉండాలి, మళ్లీ రావాలి.

వార్డులో పాప కాలు చాపుకుని పడుకుని ఉంది.

"నాయనా, ఇంగ మేడమీది క్లాసుకి నేనే ఎక్కొచ్చా?"

డాక్టరు సారును అడుగుతానన్నాను.

"నువ్వు సెప్పు."

"నాకు తెలీదు తల్లీ."

కాలు కదపొద్దన్నారు కాబట్టి, ముఖం మాత్రం గోడవైపు తిప్పుకుంది.