రాజవ్వ పక్కన ఉండాల్సిన మనిషి

ఈ రోజు మధ్యాహ్నం ఒక జర్మన్ చిత్రకారుడి గురించి ఇంటర్నెట్‌లో చదువుతున్నాను. తోటివాళ్లంతా రంగులు చల్లి అవే బొమ్మలంటున్న కాలంలో కూడా, ఆయన ఏళ్ల తరబడి మనుషుల్నే గీస్తున్నాడట. కొత్త బొమ్మ పేరు ‘ఒంటరి’. నిరుడు లాక్‌డౌన్‌లో సూరత్ నుంచి నడిచివెళ్లిన కూలీల పేపరు ఫొటో చూసి వేశాడు. బొమ్మలో కడోదరా హైవే మీద నెత్తిన మూటతో నడుస్తున్న ఆడమనిషిని చూడగానే పోల్చుకున్నాను. సూరత్‌లో మా ఉధ్నా గల్లీలోనే ఉండే రాజవ్వ!

సంబరంగా ఫోను తీసుకుని ఆమె గదికి వెళ్లాను. రాజవ్వ చాలాసేపు చూసింది.

“నేనే టీచరమ్మా. చీర గూడ నాదే. మరి మా ఆయనేడి?”

“ఆయనా ఉన్నాడా?”

“నా పక్కనే నడిచిండు గద. ఫొటో తీసినోళ్లు ఇద్దర్నీ తీసిండ్రు.”

బొమ్మ కింద పాత ఫొటో కూడా ఉంది. నిజమే, ఆమె చెయ్యి పట్టుకుని ఆయన ఉన్నాడు. తర్వాత మరమగ్గాలు మళ్లీ తిరుగుతున్నాయని ఇద్దరూ సూరత్‌కు తిరిగొచ్చారు. ఈ ఏప్రిల్‌లో ఆయన కరోనాతో పోయాడు.

‘దుఃఖం ఒక్క మనిషిలోనే బాగా కనబడుతుంది, అందుకే రెండోవాణ్ణి తీసేశాను’ అని రాసుకున్నాడు చిత్రకారుడు. అది చదివి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

“ఒక్కదాన్నయింది ఇప్పుడు. అప్పుడు గాదు,” అంది రాజవ్వ, ఫోను నా చేతికిచ్చేస్తూ.

ఇంటికొచ్చి ఆ చిత్రకారుడికి మెయిల్ రాయడానికి కూర్చున్నాను. ‘మీ బొమ్మ చాలా బాగుంది’ అని మొదలుపెట్టి కొట్టేశాను. మీరైతే ఎలా మొదలుపెడతారు?