మిల్లు అమ్మినాక తగ్గిన వయసు

మొన్న ఆదోనిలో ఒక పెళ్లికి వెళితే, తలంబ్రాల వేళ మిషన్ పెట్టి జనం మీద తెల్లటి నురగ చిమ్మారు. నా తల మీదా పడింది. చవక సబ్బు వాసన. ఆ ఫంక్షన్ హాలు ఉన్నచోటే ఒకప్పుడు సర్కారు నూలు మిల్లు ఉండేది. మా నాయన అందులో దూది ఏకే మిషన్ దగ్గర పనిచేసేవాడు.

రోజూ తల, మీసాలు దూది పట్టి తెల్లగా వచ్చేవాడు. అమ్మ గుమ్మంలోనే ఆపేది. "ఆడ్నే నిలబడు! ఇల్లంతా దూది సేస్తావు" అని తువ్వాలుతో దులిపేది. నాయన ముసలివాడని, అమ్మ రోజూ దులిపి కాసేపు పడుచువాణ్ని చేస్తుందని నేననుకునేదాన్ని.

మిల్లును ఒక షావుకారుకు అమ్మేశారు. సర్కారుకు నడపడం చేతకాదు, ఆయన బ్రహ్మాండంగా నడుపుతాడన్నారు. ఆయన ముందుగా నడిపినవి లారీలు. మిషన్లన్నీ వాటిలో వెళ్లిపోయాయి.

చివరి లారీ వెళ్లిన సాయంత్రం నాయన నల్లటి జుట్టుతో వచ్చాడు. అమ్మ తువ్వాలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నేను చప్పట్లు కొట్టాను.

"నాయనకు వయసు తగ్గింది! షావుకారు శానా మంచోడు!"

"ఔనమ్మా," అన్నాడు నాయన. "ఇంగ పనికి పోయేదే ల్యా. నేను పెండ్లికొడుకునే."

అమ్మ తువ్వాలు మడిచి లోపలికి తీసుకుపోయింది.

మొన్న ఆ షావుకారే హాలు గుమ్మంలో నిలబడి అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు. "మా హాలు బాగుందామ్మా?" అనడిగాడు. బాగుందన్నాను.

నురగ దారిలోనే ఆరిపోయింది. అయినా ఇంటికొచ్చి గుమ్మంలోనే ఆగి, తువ్వాలు తెమ్మన్నాను. ఆ వాసన ఇంట్లోకి రావడం నాకిష్టం లేదు.