రెండు సీసాల్లోనూ నురగే

ఉద్యోగం పోయినవాళ్లకి మా అపార్ట్‌మెంట్ లిఫ్టంత ఇరుకైన చోటు ఇంకోటి లేదు. పొద్దున చెత్త సంచి పట్టుకుని ఐదో అంతస్తు నుంచి దిగుతుంటే, మెడలో ఆఫీసు కార్డులు వేసుకున్నవాళ్లు అంతస్తుకొకరు చొప్పున ఎక్కుతారు. "మీకింకా వర్క్ ఫ్రమ్ హోమేనా? అదృష్టవంతులండీ!" అంటారు. నేను నవ్వేదాన్ని. ఆ నవ్వు నవ్వినందుకు రోజంతా ఒళ్లు మండేది.

పదిహేనేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేశాను. వేరేవాళ్లు కట్టినదాంట్లో తప్పు, మా భాషలో బగ్గు, వెతికి, అది ఎలా వచ్చిందో రుజువుతో సహా చూపించడం నా పని. అది నీకు పుట్టుకతో వచ్చిన బుద్ధి అంటాడు మా ఆయన. గచ్చిబౌలిలోని మా ఆఫీసు ఆ పనిని యంత్రాలకి ఒప్పజెప్పి మా టీము మొత్తాన్ని ఇంటికి పంపేసింది. ఆ తర్వాత ఇంటర్వ్యూలయ్యాయి. నా ఎదుట కూర్చుని ప్రశ్నలడిగే కుర్రాళ్లు మర్యాదగానే మాట్లాడేవారు, మర్యాదగానే మళ్లీ ఫోన్ చేసేవారు కాదు.

అలాంటి రోజుల్లో కొత్తగూడ చౌరస్తా వెనక సందులో ఒక స్కూలు గేటుకి 'కెమిస్ట్రీ టీచర్ కావలెను' అన్న బోర్డు చూశాను. కంప్యూటర్ల వైపు రాకముందు నేను చదివింది కెమిస్ట్రీయే. కూరగాయల సంచితోనే లోపలికి వెళ్లిపోయాను. ప్రిన్సిపాల్ గారు నా సంచిలోని తోటకూరని, నన్నూ మార్చి మార్చి చూసి, "సోమవారం తొమ్మిదో తరగతికి డెమో క్లాసు ఇవ్వండి. కఠిన జలం, మృదు జలం పాఠం. అది చూశాకే మిగతా మాటలండీ" అన్నారు. సరేనన్నాను. ఇది కూడా పోతే ఇక ఎవరినీ ఏమీ అడగనని, లిఫ్టులో నవ్వుతూ ముసలిదాన్నైపోతానని నాకు బాగా తెలుసు.

ఎదురింటి అమ్మాయి పాత పుస్తకాలు అడిగి తెచ్చుకున్నాను. కోస్తాలో ఓ చిన్న ఊళ్లో తెలుగు మీడియంలో చదివినదాన్ని. ఆవర్తన పట్టికలో మొదటి ఇరవై మూలకాలు ఎక్కాల్లాగా ఇప్పటికీ ఆగకుండా వస్తాయి. సమీకరణం ఇస్తే రెండు వైపులా సరిచేసేస్తాను. మోల్ నిర్వచనం కామాతో సహా నోటికి వచ్చింది. వచ్చింది కదా అని మురిసిపోయి, మా అత్తయ్యని విద్యార్థిగా కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను.

అత్తయ్య పుట్టింది ఇక్కడికి దగ్గరి ఊళ్లోనే. ఆ ఊరు ఇప్పుడు టవర్ల మధ్య ఒక బస్టాపు పేరుగా మిగిలింది. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నారు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉన్న నీటిని కఠిన జలం అంటారు, అందులో సబ్బు నురగ రాదు, సాఫ్ట్‌నర్ అనే యంత్రంలో ఉప్పు వాడి దాన్ని మృదు జలంగా మారుస్తారు అని గడగడా చెప్పేశాను.

ఆవిడ చెయ్యి ఆపారు. "ఆగు బిడ్డా. మన బోరు నీళ్లు ఉప్పగున్నయనే గద సబ్బుకు నురుగొస్తలేదు?"

"అవునత్తయ్యా."

"మరి గా నీళ్లల్లనే ఇంకింత ఉప్పు పోస్తే మంచిగెట్లయితయే? గిదెక్కడి చోద్యం!"

పుస్తకం మళ్లీ తిరగేశాను. సమీకరణం ఉంది, డిగ్రీ ఉంది, జవాబు మాత్రం లేదు. ఆ నీళ్ల గురించి నేను వాట్సాప్ గ్రూపులో ఎంత యుద్ధం చేశానో మా బిల్డింగంతటికీ తెలుసు. సెల్లార్‌లో సాఫ్ట్‌నర్ చెడిపోయి చాలా కాలమైంది. తెల్లగా గార పట్టిన కుళాయిల ఫొటోలు, సమస్య ఎప్పటినుంచి ఉందో, ఎవరు చూస్తామన్నారో, ఎవరు చూడలేదో అన్నీ వరుసగా రాసి పెట్టేదాన్ని. "అపార్ట్‌మెంట్ మీద కూడా బగ్గులు రాస్తున్నావా తల్లీ" అని మా ఆయన దండం పెట్టేవాడు. అంత యుద్ధం చేసినదాన్ని, అసలా యంత్రం లోపల ఏం జరుగుతుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

కోపమొచ్చింది, నా మీదే. పాఠం పక్కన పెట్టి మొదటికి వెళ్లాను. పరమాణువు ఏమిటి, అది అయాన్ ఎప్పుడవుతుంది, వేలెన్సీ అంటే ఏమిటి. పరీక్ష కోసం కాకుండా అత్తయ్య కోసం చదవడం మొదలుపెట్టేసరికి పుస్తకమే మారిపోయినట్టనిపించింది. ఆ రోజుల్లో బట్టీ పట్టిన వాక్యాలకి అర్థాలు ఉన్నాయని ఇన్నేళ్లకి తెలిసింది. చిన్నపిల్లలా సంతోషపడ్డాను.

మర్నాడు వంటింట్లోకి వెళ్లి చెప్పాను. "అత్తయ్యా, సాఫ్ట్‌నర్‌ని షేర్ ఆటో అనుకోండి. సీట్లలో ముందే సోడియంలు కూర్చుని ఉంటాయి. కాల్షియం లావు మనిషి, రెండు సీట్లు కావాలి. ఒక కాల్షియం ఎక్కితే ఇద్దరు సోడియంలు దిగాలి."

"దిగినోళ్లు నీళ్లల్ల పడ్తరా?"

"పడతారు. కానీ వాళ్లు సబ్బు జోలికి రారు. సబ్బుతో తగవు పెట్టుకునేది కాల్షియమే."

"మరి ఉప్పు?"

"ఆటో నిండా కాల్షియాలే అయ్యాక, ఉప్పునీళ్లతో సోడియంలని గుంపుగా తోలి కాల్షియాలని దింపేస్తారు. ఆ నీళ్లు మోరీ కాలవలోకి పోతాయి, మన నల్లాలోకి రావు."

అత్తయ్య "గిప్పుడు సమజైంది. నిన్న చెప్పింది నీకే సమజ్ కాలే" అన్నారు. నిజమే.

శనివారం ఇంట్లో ప్రయోగం చేసి చూశాను. ఒక సీసాలో వంటింటికొచ్చే మంజీరా నది నీళ్లు, ఇంకోదాంట్లో బాత్రూము బోరు నీళ్లు. రెండింట్లోనూ ఒకే సబ్బు తురుము వేసి ఊపాను. మంజీరా నీళ్లలో సీసా మెడదాకా నురగ. బోరు నీళ్లలో తెల్లటి తెట్టు. ఎంత అందంగా వచ్చిందో! మిగిలిన నీళ్లని అత్తయ్య కుండీల్లో పోసేశారు. నేను చదువుకోవడానికి అడ్డమని వాట్సాప్ గ్రూపుని మ్యూట్ చేసుకున్నాను. సోమవారం పొద్దున అవే కుళాయిల దగ్గర సీసాలు మళ్లీ నింపుకుని బయల్దేరాను.

క్లాసులో వెనక బెంచీ మీద ప్రిన్సిపాల్ గారు కూర్చున్నారు. ఇద్దరు పిల్లల్ని ముందుకి పిలిచి చెరో సీసా ఇచ్చాను. "ఒకదాంట్లో నురగ వస్తుంది, ఇంకోదాంట్లో రాదు. చూడండి" అన్నాను. ఊపారు. రెండు సీసాల్లోనూ నురగే.

క్లాసు గొల్లుమంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది నా పని. పదిహేనేళ్లు 'డెమోకి ముందు మళ్లీ టెస్ట్ చేశారా?' అని అందరి ప్రాణాలూ తీసినదాన్ని, నా సీసాని నేను టెస్ట్ చేసుకోలేదు. మా ఐటీ డెమోల్లో ఇలాంటప్పుడు చెప్పే మాట ఒకటుంది, 'నెట్‌వర్క్ ప్రాబ్లమ్'. తెర మార్చేసి ముందుకు పోతారు. నేనూ పుస్తకం తెరవబోయాను.

ముందు వరుసలో ఒకమ్మాయి, "మేడం, మరి ఎందుకొచ్చింది?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది.

ఆ ప్రశ్నకి నా చెయ్యి దానంతటదే బోర్డు మీదికి వెళ్లింది. 'శనివారం నురగ రాలేదు. ఇవాళ వచ్చింది. మధ్యలో ఏం మారింది?' అని రాశాను. నా ఉద్యోగమంతా ఈ ఒక్క ప్రశ్నే.

"సబ్బు మార్చిండ్రు మేడం!"

"లేదు, అదే ముక్క. కానీ నా మాట నమ్మొద్దు. ఎలా తేలుస్తారు?"

"మన గార్డెన్ నల్లాకు బోరు నీళ్లే వస్తయి. అవి తెస్తం!" అన్నాడు కిటికీ దగ్గరి పిల్లాడు, అనేసి పరుగెత్తాడు కూడా. అదే సబ్బు ఆ నీళ్లలో వేసి ఊపితే నురగ రాలేదు, తెల్లటి తెట్టు కట్టింది. అంటే సబ్బు తప్పు లేదు. మారింది మా ఇంటి నీళ్లే.

"మీ బిల్డింగ్‌ల సాఫ్ట్‌నర్ ఉందా మేడం?" అందా అమ్మాయి.

"ఉంది. చెడిపోయింది."

"బాగు చేయించిండ్రేమో."

ప్రిన్సిపాల్ గారి వైపు చూస్తే తలూపారు. ఫోన్ తీసి, మ్యూట్ చేసిన గ్రూపు తెరిచి, పైకే చదివాను. 'సాఫ్ట్‌నర్ నిన్న బాగైంది. పట్టువదలకుండా మా వెంటపడిన ఐదో అంతస్తు మేడంగారికి ధన్యవాదాలు.' కింద దండాల బొమ్మలు. పిల్లలు బెంచీలు చరుస్తూ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను, లిఫ్టు నవ్వు కాదు. ఆ తర్వాత బోర్డు మీద షేర్ ఆటో బొమ్మ వేశాను. లావు కాల్షియం ఎక్కి ఇద్దరు సోడియంలు దిగుతుండగా బెల్లు కొట్టారు, ఒక్కరూ లేవలేదు.

బయట ప్రిన్సిపాల్ గారు, "కావాలనే అలా ప్లాన్ చేశారాండీ?" అని అడిగారు.

"లేదండీ. నిజంగానే బోల్తా పడ్డాను."

"అలాగా! బుధవారం నుంచి వచ్చేయండి మరి" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య వేసిన మొదటి ప్రశ్న, "షేర్ ఆటో ముచ్చట చెప్పినవా లేదా?" అని. చెప్పానంటే, తనకే ఉద్యోగం వచ్చినట్టు చుట్టుపక్కల అందరికీ ఫోన్లు చేశారు.

బుధవారం లిఫ్టులో ఎవరో అలవాటుగా "వర్క్ ఫ్రమ్ హోమేనా?" అన్నారు. "కాదండీ, స్కూలుకి వెళ్తున్నాను" అన్నాను. వాళ్లకది మామూలు మాటే. నేను మాత్రం ఆ మాటని గేటు దాటేదాకా లోలోపల మళ్లీ మళ్లీ అనుకున్నాను.

క్లాసులోకి అడుగుపెడితే నా బల్ల మీద చాక్‌పీసు పెట్టేంత చోటు కూడా లేదు. బల్ల నిండా నీళ్ల సీసాలు. కూల్‌డ్రింక్ సీసాలు, తేనె సీసాలు, ఎవరిదో పాత పాల సీసా. ఒక్కోదానికీ కాగితం అంటించి ఉంది: లింగంపల్లి బోరు, కొత్తగూడ ట్యాంకరు, మా నానమ్మ ఇంటి బావి. సోమవారం ప్రశ్న అడిగిన అమ్మాయి లేచి నిలబడింది.

"మేడం, మావి కూడా టెస్ట్ చేస్తరా?"

టెస్ట్ చేస్తారా అని నన్ను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో. బోర్డు వైపు తిరిగి, కావలసినదానికన్నా ఎక్కువసేపే తుడిచాను. ఆ తర్వాత సబ్బు ముక్క తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను.