గోడవతలి రైలుబండి

పక్కింటి డ్రైవరు గారు పోయారు. పెద్దకార్యం అయ్యాక వాళ్లమ్మాయి తాళంచెవి నా చేతిలో పెట్టి కాకినాడ వెళ్లిపోయింది. సాయంత్రం ఆరయ్యేసరికి నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆయన్ని తలుచుకోవాలంటే ఆ భయంతోనే మొదలుపెట్టాలి.

రాజమండ్రిలో మా రెండిళ్లకీ ఒకటే గోడ. ఆయన రైలింజన్లు నడిపి రిటైరైన మనిషి. భార్య పోయాక ముందుగదిలో పెద్ద బల్ల వేసి, దాని మీద బొమ్మ రైలుకు పట్టాలు పరిచారు. రోజూ ఆరింటికి బండి తీసేవారు. దానికి కాలింగ్ బెల్లు స్విచ్చు బిగించుకున్నారు. నొక్కి పట్టుకున్నంతసేపే బండి నడుస్తుంది, వేలు తీస్తే ఆగిపోతుంది. డ్రైవరన్నవాడు మెలకువగా ఉంటేనే బండి కదలాలనేవారు.

ఆయన గుండె అంత మంచిది కాదు. వాళ్లమ్మాయి వచ్చినప్పుడల్లా, "అక్కా, కాస్త అటు ఓ చెవి వేసి ఉంచండి" అనేది. నేనసలే పిరికిదాన్ని. ఆరింటికి కుట్టుమిషను ఆపి గోడ దగ్గర నిలబడేదాన్ని. టకటకమని బండి చప్పుడు వినపడ్డాకే మళ్లీ మిషను తొక్కేదాన్ని.

ఓ వానాకాలం సాయంత్రం ఆ చప్పుడు మధ్యలో ఆగింది. చేతిలో జాకెట్టు పడేసి పరుగెత్తాను. ఆయన నిక్షేపంలా కూర్చుని పట్టా తుడుచుకుంటున్నారు. నా మొహం చూసి మంచినీళ్లిచ్చారు. కరెంటు పట్టాల మీద నుంచే చక్రాలకు అందుతుందట, మురికి పొర పడితే బండి నిలబడిపోతుందట. మా తాలింపు పొగంతా గోడ దాటొచ్చి ఆయన పట్టాల మీదే కూర్చుంటోందని ఎగతాళి చేశారు. ఆ రోజే నాకు తుడవడం నేర్పారు. నా దగ్గర మిగిలిన తెల్ల లైనింగు ముక్క, రెండు చుక్కల స్పిరిటు, అంతే. గరుకు కాగితం వాడకూడదు, గీతలు పడితే వాటిలో మురికి చేరుతుంది.

"మెరుపు చూసి మోసపోకమ్మా. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవాలి," అన్నారు.

ఓసారి ఆయన తాళం నాకిచ్చి కాకినాడ కూతురి దగ్గరికి వెళ్లినప్పుడు, తిరిగొచ్చి సంతోషిస్తారు కదా అని పట్టాలన్నిటికీ మిషను నూనె రాశాను. బిగుసుకున్నదానికల్లా నాకు తెలిసిన మందు అదొక్కటే. తీరా బండి రెండడుగులు వేసి ఆగిపోయింది. ఆయన బల్ల కింద దూరి చెమటలు కక్కుతూ వైర్లన్నీ వెతికారు. ఆ గుండెకేమైనా అయితే పాపం నాదేనని ఉన్నమాట చెప్పేశాను. పల్లెత్తు మాట అనలేదు. ఇద్దరం మూడు రోజులు కూర్చుని ఆ జిడ్డు వదిలించాం. ఈసారి భయమేస్తే నన్ను పిలు, నూనెని పిలవకు అన్నారు. నా పిరికితనాన్ని అంత మర్యాదగా చూసినవాళ్లు మరొకరు లేరు.

అప్పటి నుంచి ధైర్యం నేర్చుకున్నాననుకున్నాను. చప్పుడు ఆగితే, పట్టా తుడుచుకుంటున్నారులే అని కూర్చునేదాన్ని. కాసేపటికి బండి మళ్లీ కదిలేది.

ఆ రోజు కూడా ఆరుంబావుకి ఆగింది. పెళ్లివారి జాకెట్లు చేతిలో ఉన్నాయి. మనసు ఒకటే పీకింది. తుడుచుకుంటున్నారులే అనుకుని మిషను తొక్కుతూనే ఉన్నాను. మళ్లీ కదిలిందో లేదో వినలేదు. పొద్దున్న పాలవాడు ఎంత పిలిచినా ఆయన పలకలేదు. తలుపు తీయించేసరికి బల్ల ముందు కుర్చీలోనే ఒరిగిపోయి ఉన్నారు.

నిన్ననే పోయారని డాక్టరు చెప్పాడు. అందరూ ఆయన్ని కిందికి దించుతుంటే నేను బల్ల దగ్గరికి వెళ్లాను. లైనింగు ముక్క మీద స్పిరిటు వేసుకుని, బండి ఆగిన చోట మొదలుపెట్టి పట్టా చుట్టూ తుడిచాను. కాస్త మురికి కనపడితే చాలు, బండి దానివల్లే ఆగిందనుకోవచ్చు. మళ్లీ మొదటి నుంచి తుడిచాను.

గుడ్డ తెల్లగానే వచ్చింది.