చెంగల్రాయప్ప రాయవలసిన నాలుగు మాటలు

మా అమ్మమ్మ ప్రాణం పోయిన మంచం మీదే పడుకుని నేను పదో తరగతి పరీక్షలకు చదివాను. ఇంట్లో మిగతావాళ్ళు ఆ గదిలోకి రావడానికి జంకేవాళ్ళు. నాకు భయం వేయలేదు. దయ్యాలు, ఆత్మలు అనే మాటలు వింటే మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత విసుగొచ్చేది. అందుకే ఇది రాయడానికి చాలా రోజులు వెనకాడాను.

నేను బెంగళూరులో ఒక కాలేజీలో తెలుగు చెప్తాను. నా పరిశోధన ఇద్దరు కలిసి రాసే రచయితల గురించి. ఎవరు ఏ వాక్యం రాస్తారు, తగవు వస్తే ఎవరు తగ్గుతారు, ఒకరు పోతే రెండోవాళ్ళు ఏం చేస్తారు. ఇరవై ఏళ్ళుగా ఇవే ప్రశ్నలు. నేను మాత్రం ఎవరితోనూ కలిసి ఒక్క పేజీ రాయలేదు. నా దగ్గర చదివిన ఒకమ్మాయి కలిసి వ్యాసం రాద్దామంటే, నా పేరు పక్కన ఇంకో పేరు ఊహించుకోలేక ఏదో సాకు చెప్పాను. ఒంటరిగా ఉంటాను. నన్నెవరూ వదిలేసి పోలేదు. నేనే ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు.

కోలారు బంగారు గనుల్లో పనిచేస్తూ జంటగా నాటకాలు రాసిన ఇద్దరి సంగతి విని అక్కడికి వెళ్ళాను. మునిస్వామి, చెంగల్రాయప్ప. ఇద్దరి పెద్దలూ చిత్తూరు వైపు పల్లెల నుంచి గని పనికి వచ్చినవాళ్ళే. గనివాళ్ళ కోసం కట్టిన వరస ఇళ్ళను అక్కడ లైను అంటారు. ఒకే లైనులో వీళ్ళవి పక్కపక్క ఇళ్ళు. ఒకరికి పగటి షిఫ్టు ఉంటే మరొకరికి రాత్రి షిఫ్టు. కలిసి కూర్చునే వీలే లేదు.

అందుకని ఒక నోటు పుస్తకం మునిస్వామి ఇంటి కిటికీలో ఉండేది. మునిస్వామి మగపాత్ర మాట రాసి షిఫ్టుకు పోయేవాడు. పని దిగి వచ్చిన చెంగల్రాయప్ప దాని కింద ఆడపాత్ర జవాబు రాసేవాడు. ఒకరి పాత్రను ఇంకొకరు ముట్టుకునేవాళ్ళు కాదు. అట్లా తొమ్మిది నాటకాలు.

"వాడు ఆరడుగుల మనిషి సారూ. గనిలో కప్పు కూలకుండా కొయ్యలు నిలబెట్టే పని వాడిది. మీసాలుండే ఆడది అని లైనంతా ఎగతాళి చేసేవాళ్ళు" అని మునిస్వామి నవ్వాడు. "కానీ వాడు ఆడమాట రాస్తే, చూసే ఆడోళ్ళు కండ్లు తుడుచుకోవాల్సిందే."

పదో నాటకం చివరి రంగంలో ఆగిపోయింది. జబ్బు చేసి, గని పనికి అన్‌ఫిట్ అయిన ఒక భర్త ఆ సంగతి ఇంట్లో చెప్పడు. రోజూ అన్నం క్యారియరు పట్టుకుని పనికి పోతున్నట్టే పోతాడు. రైల్వే స్టేషనులో కూర్చుని సాయంత్రం తిరిగొస్తాడు. చివరికి ఒకరోజు భార్య ముందు ఒప్పుకుంటాడు. దానికి ఆమె ఏమంటుందో రాయకుండానే చెంగల్రాయప్ప చనిపోయాడు. నేను వెళ్ళేనాటికి అది జరిగి పదకొండేళ్ళయింది.

"నాకు ఆడమాట రాదు సారూ. ఆమె ఏమనిందో తెలీకుండానే పోతానేమో" అనేవాడు మునిస్వామి. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయనకు మిగిలిన పని అదొక్కటే. లైనులో అందరికీ ఈ సంగతి తెలుసు. ఎదురింటి సెల్వి కొళాయి దగ్గర నుంచి అరిచేది.

"ఏం తాతా, నీ హీరోయిన్ ఇంకా నోరు తెరవలేదా?"

"తెరిస్తే నీ మాదిరి మూయలేనేమోనని భయపడతా ఉండాది!"

నేను మూడోసారి వెళ్ళింది ఒక శనివారం మధ్యాహ్నం. పాత పుస్తకంలో అక్షరాలు వెలిసిపోయాయి కాబట్టి, ఆయన జ్ఞాపకం నుంచి చెప్తుంటే నేను రాసుకున్నాను. ఫోనులో రికార్డు కూడా పెట్టాను. భర్త చివరి మాట ఇది: "నన్ను పనిలోనుంచి తీసి మూడు నెలలయింది. నేను పోయేది గనికి కాదు, స్టేషనుకు."

అది చెప్పి ఆయన ఆగాడు. కిటికీ వైపు చూస్తూ ఉన్నాడు. చాలాసేపటికి "అంతే సారూ" అన్నాడు. నేను రాసుకున్న పుస్తకం సంచిలో పెట్టుకుని రైలెక్కాను. ఆ వారమంతా దాన్ని తెరవలేదు.

తర్వాతి శనివారం, తప్పులుంటే దిద్దుకుందామని ఆయనకు చదివి వినిపించాను. భర్త మాట చదివాను. దాని కింద నా చేతిరాతలోనే ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. ఏమీ అనుకోకుండా అవీ చదివేశాను.

"నాకు తెలుసు. బేస్తవారం ఖాళీ క్యారియరు కట్టి పంపినాను. సాయంత్రం వచ్చి పులుసు బాగుండాదన్నావు. ఆ పొద్దు నుంచి నేనూ పగలు తినలేదు."

ఆయన చెయ్యెత్తాడు. "మళ్ళా చదవండి."

చదివాను. కాసేపు ఆయన పెదవులు మాత్రం కదిలాయి. తర్వాత తడుముకోకుండా అన్నాడు: "రాసుకోండి సారూ. మొగుడు చెప్తాడు, 'అట్లయితే కూచో. ఇద్దరమూ తిందాం.'"

పదకొండేళ్ళకు ఆయన నోట వచ్చిన కొత్త మాట అది. లేచి వెళ్ళి టీ పోసుకొచ్చాడు. మూడు గ్లాసుల్లో పోశాడు. అక్కడున్నది మేమిద్దరమే.

"ఆ ఆడమాట నేను చెప్పలేదు సారూ. నా నోట్లో అట్లాంటిది రాదు. వాడు వచ్చినాడా? లేకపోతే మీరే రాసినారా?"

ఆ వాక్యాలు రాసినట్టు నాకు గుర్తు లేదు. తెలియదు అని చెప్పవలసింది. కానీ చచ్చిపోయినవాడు వచ్చి రాయించాడని ఆయన లైనంతా చెప్తే, రేపు సెమినారులో నా మాట ఎవరు నమ్ముతారు అనిపించింది. అది ఒక కారణం. రెండోది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆ మాటలు వింటున్నప్పుడు ఆయన కళ్ళలో కనిపించిన మెప్పు నాకు కావాలనిపించింది.

"నేనే రాశాను" అన్నాను.

ఆయన తన గ్లాసు కింద పెట్టాడు. "బాగా రాసినారు" అన్నాడు. మూడో గ్లాసులో టీని తిరిగి గిన్నెలో పోసేశాడు.

"అట్లయితే నా మాట కొట్టేయండి సారూ. మీ నాటకం మీరే ముగించుకోండి. ఇంగ దాంట్లో నాకేం పని ఉండాది."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఇంటికి వచ్చి ముందటి శనివారపు రికార్డు విన్నాను. భర్త మాట అయ్యాక రెండు నిమిషాలకు పైగా ఎవరూ మాట్లాడలేదు. ఎదురింట్లో కుక్కరు రెండుసార్లు కూసింది. ఒక కాకి అరిచింది. మధ్యలో నా పెన్ను కాగితం మీద నడుస్తున్న చప్పుడు ఉంది. ఆగి ఆగి నడుస్తోంది, ఎవరో చెప్తుంటే రాసుకుంటున్నవాడి పెన్నులాగా.

అప్పుడైనా వెళ్ళి ఆయనకు అది వినిపించవలసింది. పరీక్ష పేపర్లు దిద్దాలని ఒక నెల, ఒంట్లో బాగాలేదని ఒక నెల. మొత్తం నాలుగు నెలలు వెళ్ళలేదు.

ఒకరోజు చెంగల్రాయప్ప కూతురు పద్మ ఫోటో పంపింది. కోలారు పక్కన తమక అనే ఊళ్ళో ఉంటుంది. వాళ్ళ నాన్న కాగితాలు ఏమైనా ఉన్నాయా అని మొదట్లో నేను ఫోను చేస్తే, ఏమీ లేవని చెప్పిన మనిషి. ఫోటోలో ఒక రూళ్ళ కాగితం. కొట్టివేతలతో మూడు వాక్యాలు. "నాకు తెలుసు" దగ్గర మొదలై "పులుసు బాగుండాదన్నావు" దగ్గర ఆగిపోయాయి. కింద సగం పేజీ ఖాళీ.

వెంటనే ఆమెకు ఫోను చేశాను.

"నాయన రాతే సార్. బట్టల పెట్టె అడుగున ఉండింది. ఆయన పోయినాక ఆ పెట్టె మేము నిన్నటి దాకా తెరిచిందే లేదు."

"మునిస్వామిగారికి చూపించారా?"

"అయ్యో, మునిస్వామి మామ పోయి పదిహేను రోజులాయ కదా. మీకు ఎవరూ చెప్పలేదా సార్?"

లేదు. నాకు చెప్పేవాళ్ళు ఎవరున్నారు?

ఆ కాగితం నేను ముందెప్పుడూ చూడలేదు. మునిస్వామీ చూడలేదు. చూసి ఉంటే పదకొండేళ్ళు ఎదురుచూసేవాడు కాదు. ఆ కాగితం మీద లేని నాలుగో వాక్యం కూడా నా పుస్తకంలో ఉంది. రికార్డు ఎన్నిసార్లు విన్నా కుక్కరు, కాకి, పెన్ను తప్ప ఇంకేమీ వినిపించదు. ఆత్మలున్నాయని నేను ఇప్పటికీ అనను. ఆ నాలుగు వాక్యాలు ఎవరివో మాత్రం చెప్పలేను.

"నేనే రాశాను" అన్న మాట ఒక్కటే కచ్చితంగా నాది.