ప్రార్థనల్లోంచి నా పెళ్ళి తప్పుకున్నాక

పందొమ్మిది వందల డెబ్బైల్లో నేను ఒమన్ దేశంలోని సలాలా ఆసుపత్రిలో నర్సుగా చేరేనాటికి నాకు ముప్పై తొమ్మిదేళ్ళు, పెళ్ళి కాలేదు. నాకు లోటనిపించని ఆ సంగతి అక్కడున్న ఏడెనిమిది తెలుగు క్రైస్తవ కుటుంబాలకు మహా లోటుగా కనిపించింది. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజే ప్రార్థన కూటం, దాన్ని నడిపే పెద్దాయన ఇంటి హాల్లో. ఆయన ఓడరేవులో గుమాస్తా. ఇంట్లో మాత్రం బిషప్పు కంటే ఒక మెట్టు పైన. నోటుబుక్కు తెరిచి ప్రార్థనాంశాలు చదివేవాడు: ఒకరి వీసా, ఒకరి మోకాలినొప్పి, ఇంకొకరికి మగబిడ్డ, చివరగా "మన సిస్టరుగారి వివాహం". అందరూ కళ్ళు మూసుకునేవారు. నేను మూసేదాన్ని కాదు. నా పెళ్ళి కోసం దేవుణ్ణి బతిమాలుతూనే ఒకాయన కునుకు తీసేవాడు, ఒకావిడ వంటింట్లోంచి వచ్చే బిర్యానీ వాసన పీల్చేది. అంత భక్తిని నేను మరెక్కడా చూడలేదు.

అన్ని ప్రార్థనలకూ జవాబుగా వచ్చినవాడు ఒక్కడే. ఏదో కంపెనీలో స్టోర్‌కీపరు, భార్య పోయినవాడు. నాతో అతను ఆడిన మొదటి మాటే ఇది: "మా అమ్మకి చక్కెర జబ్బండి. రోజూ ఇంజెక్షన్ చెయ్యాలి. పెళ్ళయ్యాక మీరు తెనాల్లో అమ్మ దగ్గరుంటే నేనిక్కడ నిశ్చింతగా డ్యూటీ చేసుకుంటాను." అతనికి కావలసింది పెళ్ళాం కాదు, జీతం అడగని నర్సు. కుదరదన్నాను. పెద్దాయన నొచ్చుకున్నాడు. "అందరం కలిసి ప్రార్థించాక వచ్చిన సంబంధమమ్మా. కాదంటే ప్రభువుని కాదన్నట్టే" అన్నాడు.

నలభై మూడో ఏట చత్వారం వచ్చి కళ్ళజోడు పెట్టాను. పాపిట దగ్గర జుట్టు తెల్లబడింది, రంగు వేయలేదు. ఒక శుక్రవారం పెద్దాయన వీసా, మోకాలు, మగబిడ్డ చదివి బుక్కు మూసేశాడు. మరిచిపోయాడేమో అనుకున్నాను. టీ ఇస్తూ వాళ్ళావిడ నా భుజం నిమిరి, "ఇంకేం చేస్తాంలెండి సిస్టరుగారూ, అంతా దైవచిత్తం" అంది, చావింటికి పలకరింపుకు వచ్చినట్టు. నాకెంత సంతోషం వేసిందంటే నాలుగు సమోసాలు తిన్నాను. నేను నాలుగేళ్ళు నోటితో చెబితే వినని మనుషులు నాలుగు తెల్లవెంట్రుకలు చెబితే విన్నారు.

ఆ తర్వాత ఒక్కొక్క సుఖమే వచ్చి చేరింది. కొత్త డాక్టర్లు నాకు పాఠాలు చెప్పడం మానేశారు. బస్సులో మగవాళ్ళ చూపులు నన్ను దాటుకుని పోయేవి. ఆ చూపులు పోయాయని దిగులుపడే ఆడవాళ్ళను చూస్తే నాకిప్పటికీ జాలి కలగదు. తుంపర్ల కాలంలో సముద్రపు ఒడ్డున ఒక్కదాన్నే తడుస్తూ తిరిగినా ఎవరూ చెవులు కొరుక్కోలేదు. కూటంలో చాప మీది నుంచి కుర్చీకి మారాను.

మరుసటేడు ఒంగోలు నుంచి ఇరవై ఆరేళ్ళ నర్సు వచ్చింది. రెండో శుక్రవారానికే ఆమె పెళ్ళి నోటుబుక్కులోకి ఎక్కింది, అదే స్టోర్‌కీపరుతో. వాళ్ళమ్మకు ఇంకా ఇంజెక్షన్లు నడుస్తూనే ఉన్నాయి. మర్నాడు వార్డులో దుప్పట్లు మడతపెడుతూ ఆ పిల్ల ఏడ్చేసింది.

"నాకిష్టం లేదక్కా. ఇంత దూరం వచ్చింది ఉద్యోగం చేసుకుందామనే గదా. కాదంటే దేవుణ్ణి కాదన్నట్టేనంట. భయమేస్తంది."

నాకు ఒళ్ళు మండిపోయింది.

తర్వాతి శుక్రవారం పెద్దాయన నావైపు తిరిగి, "మీరు పెద్దవారు. ఈ వివాహం స్థిరపడాలని మీరే ప్రార్థన చెయ్యండి సిస్టరుగారూ" అన్నాడు. వయసు తెచ్చిపెట్టిన మర్యాద. స్టోర్‌కీపరు ఇస్త్రీ చొక్కాతో ఎదురుగా కూర్చున్నాడు. ఒకరు ప్రార్థిస్తుంటే మరొకరు అడ్డు రాకూడదన్నది పెద్దాయన పెట్టిన నియమమే. లేచి నిలబడ్డాను.

"ప్రభువా, ఈ బిడ్డకు ఈ పెళ్ళి ఇష్టం లేదు. ఆ మాట నాతో చెప్పే ధైర్యం ఇచ్చినందుకు నీకు స్తోత్రం. సెలవు పెట్టి తెనాలి వెళ్ళి, తల్లికి తానే సూది వేసే మనసు ఈ సహోదరుడికివ్వు. మా ఇష్టాలను నీ చిత్తమని చెప్పుకు తిరుగుతున్న మమ్మల్ని క్షమించు."

ముగించాను. పెద్దాయన కళ్ళు తెరవడానికే జంకుతున్నాడు. చాప మీద నుంచి ఆ పిల్ల ఒక్కతే తలెత్తి, హాలంతా వినబడేలా "ఆమెన్" అంది.